స్నార్కెల్‌లోకి నీళ్లు రాకుండా ఈదడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

అండమాన్ టికెట్లు బుక్ చేసుకున్నవాళ్లు, అపార్ట్‌మెంట్ పూల్‌లో మొదటిసారి స్నార్కెల్ (ముఖం నీళ్లలో ఉంచే గాలి పీల్చుకోవడానికి నోట్లో పెట్టుకునే గొట్టం) పెట్టుకుని పొలమారినవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. నేను కోచ్‌ని కాదు. విశాఖలో ఉంటాను, ఏళ్ల తరబడి స్నార్కెల్‌తో ఈదుతున్నాను, మా ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ వాళ్ల పిల్లలకీ నేర్పాను, నేర్పేటప్పుడు ఎవరు ఎక్కడ తడబడతారో దగ్గర నుంచి చూశాను. నాకు అర్థమైంది ముందే చెప్పేస్తాను: గొట్టంలోకి నీళ్లు రాకుండా చూసుకోవడం సగం పనే, వచ్చిన నీళ్లను కంగారు పడకుండా బయటికి ఊదేయడం మిగతా సగం, ఆ రెండో సగం పట్టుబడినవాళ్లకి మొదటి దాని గురించి టెన్షనే ఉండదు.

నా స్నార్కెల్ కొత్తదే, అయినా నీళ్లెందుకు వస్తున్నాయి?

కొత్తా పాతా అన్నదానితో పెద్ద సంబంధం లేదు. నీళ్లు రావడానికి దారులు నాలుగు. గొట్టం పై కొస మునగడమో దాని మీద అల పడటమో ఒకటి. పెదాల పక్కనుంచి కారడం ఇంకొకటి. అడుగున వాల్వ్ (నీళ్లని బయటికి మాత్రమే పోనిచ్చే చిన్న మూత) ఉన్న రకమైతే అది సరిగ్గా మూసుకోకపోవడం, ఇక చివరిది గట్టి గొట్టమూ మెత్తటి మడత గొట్టమూ కలిసే చోట వదులవడం. మీ దగ్గర వీటిలో ఏది జరుగుతోందో తెలుసుకోకుండా ఎంత ఖరీదైనది కొన్నా మళ్లీ అదే కథ.

తెలుసుకోవడం తేలికే. నడుము లోతు నీళ్లలో నిలబడి, వంగి, ముఖం మాత్రం నీళ్లలో పెట్టి, కదలకుండా ఒక పదిసార్లు గాలి పీల్చి వదలండి. పై కొస గాల్లోనే ఉంది కాబట్టి అటునుంచి రావడానికి వీల్లేదు. అయినా నోట్లోకి నీళ్లు చేరుతున్నాయంటే లోపం పెదాల దగ్గరో వాల్వ్ దగ్గరో అతుకు దగ్గరో ఉంది. ఇక్కడ పొడిగానే ఉండి, ఈదడం మొదలుపెట్టాక నీళ్లు వస్తుంటే తల పెట్టే తీరు మార్చుకోవాలి. ముక్కులోకి వస్తుంటే మాత్రం అది స్నార్కెల్ సమస్య కాదు, కళ్లనీ ముక్కునీ కప్పే మాస్క్ సమస్య. చాలామంది ఈ రెండూ కలిపేసి స్నార్కెల్‌ని తిట్టుకుంటారు.

నీళ్లు అస్సలు రాని స్నార్కెల్ ఏదైనా ఉందా?

లేదు. డ్రై స్నార్కెల్ అని అమ్ముతారు, దాని నెత్తిన తేలే బిళ్ల లాంటిది ఒకటి ఉంటుంది, కొస మునగగానే అది తేలి రంధ్రాన్ని మూసేస్తుంది. బాగానే పనిచేస్తుంది, కొత్తవాళ్లకి నేనూ అదే ఇస్తాను. కానీ మౌత్‌పీస్ (గొట్టానికి నోట్లో పెట్టుకునే భాగం) ఒక్కసారి నీళ్లలో నోట్లోంచి జారిందంటే గొట్టం కిందనుంచి నిండిపోతుంది, పైన ఎంత మంచి మూత ఉన్నా లాభం లేదు. సెమీ డ్రై అనేదానికి పైన వంపు తిరిగిన తొడుగు ఒకటి ఉంటుంది, తుంపరల్నీ చిన్న అలల్నీ ఆపుతుంది, మునిగితే నిండుతుంది. ఏ తొడుగూ లేని మామూలు గొట్టం అన్నిటికన్నా చవక, పాడవడానికి అందులో ఏమీ లేదు, కాకపోతే ఊదడం రావాలి.

నన్నడిగితే, ఊదడం ఆ మామూలు గొట్టంతో నేర్చుకుని సముద్రానికి డ్రై రకం తీసుకెళ్లండి. ఊదడం రాకుండా డ్రై స్నార్కెల్‌ని నమ్ముకుని దిగినవాళ్లే, అది ఒక్కసారి నిండగానే బెదిరిపోయి మాస్క్ పీకేసుకుంటారు.

గొట్టం నిండా నీళ్లు చేరాయి, ఇప్పుడేం చేయాలి?

ముందు ఎన్ని నీళ్లో లెక్క చూడండి, సగం భయం పోతుంది. గొట్టం లోపలి వెడల్పు 2 సెంటీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు అనుకుంటే అందులో పట్టేది సుమారు 125 మిల్లీలీటర్లు. ఒక టీ గ్లాసుడు. పెద్దవాళ్లు మామూలుగా ఒకసారి పీల్చే గాలే దాదాపు అర లీటరు ఉంటుంది, నిండా పీలిస్తే అంతకు ఎన్నో రెట్లు. అంటే టీ గ్లాసుడు నీళ్లు నెట్టడానికి గాలి చాలదన్న మాటే లేదు.

ఉన్నదల్లా వేగం సమస్య. మెల్లగా ఊదితే గాలి బుడగలుగా నీళ్ల మధ్యలోంచి దారి చేసుకుని వెళ్లిపోతుంది, నీళ్లు మళ్లీ కిందికే జారతాయి. ఒక్క ఊపున ఊదితే గాలి నీళ్లన్నిటినీ ముందుకు తోసుకుంటూ పోతుంది. సీతాఫలం గింజని దూరంగా పడేలా 'తూ' అని ఊస్తాం చూడండి, సరిగ్గా ఆ ఊపు కావాలి. ఊదుగొట్టంతో పొయ్యి రాజేసినట్టు దీర్ఘంగా ఊదితే పనికిరాదు. బుగ్గల బలం కూడా చాలదు, పొట్ట ఒక్కసారి లోపలికి పోవాలి. గట్టు మీద ఉన్నవాళ్లకి గొట్టం కొసనుంచి నీళ్లు చిమ్మడం కనబడితే మీరు సరిగ్గా ఊదినట్టు, కొసన బుడబుడ మాత్రమే వినిపిస్తే లేనట్టు.

ఆ తర్వాతి క్షణం ఇంకా ముఖ్యం. నీళ్లు పోయాయన్న ధైర్యంతో వెంటనే బలంగా పీల్చేస్తారు, గొట్టం వంపులో మిగిలిన ఆ చెంచాడు నీళ్లు నేరుగా గొంతులోకి పోతాయి, పొలమారుతుంది. అలా కాకుండా పొగలు కక్కే టీని మొదటి గుక్క ఎలా తాగుతామో అలా, కొంచెం కొంచెంగా, అనుమానంగా పీల్చండి. నాలుక కొనని పైపళ్ల వెనక ఆనించి ఉంచండి, 'ల' అనబోయి ఆగిపోయినట్టు. గాలి నాలుక పక్కలనుంచి వస్తుంది, నీటి చుక్కలు నాలుకకి తగిలి ఆగిపోతాయి. లోపల ఇంకా గుడగుడమంటోందా, ఆ పీల్చిన కాస్త గాలితోనే మళ్లీ 'తూ'. రెండో ఊపుకి దాదాపు అందరికీ ఖాళీ అయిపోతుంది.

ఎన్నిసార్లు ఊదినా గుడగుడ పోవడం లేదు

మూడుసార్లు ఊదాక కూడా పోలేదంటే నీళ్లు ఎక్కడినుంచో ఇంకా వస్తూనే ఉన్నాయి. ఊదుతూ కూర్చోకండి, అలిసిపోతారు. తల పైకెత్తి గొట్టం తీసి, కారణం చూడండి. ఒక్కోసారి కారణం చాలా చిన్నది: ఊదే సమయంలో తల వెనక్కి వాలిపోయి గొట్టం కొస నీళ్లలోనే ఉండిపోతుంది, ఎంత ఊదితే అంత మళ్లీ నిండుతుంది.

ఇంట్లో ప్రాక్టీస్ చేయడానికి వీలవుతుందా?

బాగా వీలవుతుంది, ప్రయాణానికి వారం ముందు మొదలుపెట్టండి. బాత్రూమ్‌లో మాస్క్ పెట్టుకుని (ముక్కు మూసుకోవాలి కాబట్టి), స్నార్కెల్ నోట్లో పెట్టుకుని, తల కొంచెం ముందుకి వంచి నిలబడండి. ఇంట్లో ఒకరిని టీ గ్లాసుతో గొట్టం పైనుంచి నీళ్లు పోయమనండి. పోసేటప్పుడు ఊపిరి బిగబట్టి ఉండాలి, నీళ్లు నోటి దాకా వచ్చి పెదాల వెనక చల్లగా తగులుతాయి. మింగకండి, పీల్చకండి, రెండు క్షణాలు అలాగే ఉండండి. నోట్లో నీళ్లున్నా ఏమీ కాదని మనసుకి తెలియడం కోసమే ఆ రెండు క్షణాలు. తర్వాత 'తూ'. గోడ తడుస్తుంది, తడవాలి కూడా. మా అమ్మాయి తొమ్మిదేళ్లప్పుడు ఇలా మూడు సాయంత్రాలు చేసింది, నాలుగో రోజు పూల్‌లో గొట్టం కావాలని ముంచి, నింపుకుని, ఊదుకుంటూ ఆడుకుంది. ఆ ఆటకి వచ్చినవాళ్లకి ఇక ఏ సముద్రంలోనైనా గొట్టం నిండటం మామూలు సంగతే అవుతుంది.

తల ఎలా పెట్టాలి?

చూపు రెండు మూడు మీటర్లు ముందున్న అడుగుని చూసేలా ఉండాలి. మరీ కిందికి వంచి మీ పొట్టవైపో వెనక వస్తున్నవాళ్లవైపో చూస్తే గొట్టం ముందుకు వాలి కొస మునుగుతుంది. పడవ ఎక్కడుందో అని ఎదురుగా చూస్తే వెనక్కి వాలి మునుగుతుంది. రంగుల చేప పక్కనుంచి పోతుంటే మెడ బాగా తిప్పేస్తాం, అప్పుడూ అంతే, గొట్టం పడుకుంటుంది. మెడ బదులు ఒళ్లు మొత్తం అటు తిప్పుకోండి.

ఇంకో చిన్న సర్దుబాటు ఉంది. స్నార్కెల్ మాస్క్ పట్టీకి ఒక క్లిప్‌తో తగులుకుని ఉంటుంది, అది ఎడమవైపే ఉండాలి, స్కూబాలో (గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ల అడుగుకి దిగడంలో) గాలి గొట్టం కుడివైపునుంచి వస్తుంది కాబట్టి అలా అలవాటైంది. ఆ క్లిప్‌ని గొట్టం మీద పైకీ కిందికీ జరపవచ్చు. మీరు నీళ్లలో చూసే తీరులో ముఖం పెట్టి, కొస నెత్తికి సూటిగా పైన ఉండేలా, మౌత్‌పీస్ నోటిని ఏ పక్కకీ లాగకుండా ఉండేలా జరుపుకోండి. అద్దె సామానుకి ఇది ఎవరూ చేసి పెట్టరు. మీరే అర నిమిషం తీసుకుని చేసుకోండి.

లైఫ్ జాకెట్ వేసుకుంటే ఇంకా ఎక్కువ నీళ్లు వస్తున్నాయి, ఎందుకు?

ఇది చాలామందికి ఎదురయ్యేదే, కానీ కారణం ఎవరూ చెప్పరు. మామూలు నురుగు జాకెట్లు మనిషిని నిలువుగా, ముఖం ఆకాశం వైపు ఉండేలా తేల్చడానికి తయారైనవి, స్పృహ తప్పినా ఊపిరి ఆడాలని. స్నార్కెల్‌కి కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, బోర్లా పడుకుని ముఖం కిందికి పెట్టడం. జాకెట్ ఛాతీని పైకి తోస్తుంది, కాళ్లు కిందికి దిగుతాయి, మీరు మెడ వంచి ఏదోలా నీళ్లలోకి చూస్తారు, కాసేపటికి మెడ నొప్పి పుట్టి తల వెనక్కి పోతుంది, గొట్టం వెనక్కి వాలుతుంది. ఇంతకీ తప్పు మీది కాదు.

అలాగని జాకెట్ తీసేయమని చెప్పను, ఈత రానివాళ్లు అసలే తీయకూడదు. ముందు పట్టీలు బిగించుకోండి, వదులుగా ఉంటే గడ్డం దాకా ఎక్కి తలని నెడుతుంది. మోకాళ్లు మడవకుండా కాళ్లు తుంటి దగ్గరనుంచి మెల్లగా ఆడిస్తే కాళ్లు పైకి తేలి ఒళ్లు పడుకుంటుంది. ఫిన్స్ (పాదాలకి తొడుక్కునే రెక్కలు) ఉంటే ఇంకా సులువు. తేలే రింగుని రెండు చేతులతో చాచి పట్టుకుని గైడ్ లాక్కెళ్తుంటే ఒళ్లు దానంతట అదే పడుకుంటుంది, అండమాన్‌లో ఎలిఫెంట్ బీచ్ దగ్గర ఎక్కువమందిని అలాగే తీసుకెళ్తారు, మొదటిసారికి అది మంచి పద్ధతి. సొంతంగా కొనుక్కునేవాళ్లయితే ఊది నింపుకునే స్నార్కెల్ వెస్ట్ చూడండి, గాలి ఎంత కావాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

మౌత్‌పీస్ ఎంత గట్టిగా కరవాలి?

కరవకూడదు. రెక్కలా వెడల్పుగా ఉన్న భాగం పెదాలకీ చిగుళ్లకీ మధ్య కూర్చోవాలి, రెండు చిన్న బొడిపెల మీద పళ్లు ఊరికే ఆనాలి, నీళ్లని ఆపేది పెదాలే. గట్టిగా కరిస్తే పెదాలు పక్కలకి సాగి సందు వస్తుంది, దవడ నొప్పీ బోనస్. నవ్వినా అంతే, నీళ్లలో తాబేలు కనబడగానే ముఖం విప్పారుతుంది, ఆ సందులోంచే నీళ్లు వస్తాయి. పిల్లలకి పెద్దల మౌత్‌పీస్ ఇవ్వకండి, వాళ్ల నోటికి అది ఎన్నడూ సరిగ్గా మూసుకోదు.

నాకు మీసం ఉంది, తీసేయాలా?

మీసం వల్ల కారేది మాస్క్, స్నార్కెల్ కాదు. తీసేయనక్కర్లేదు. మాస్క్ అంచు ఆనేది ముక్కు కిందనే కాబట్టి అక్కడ సన్నటి గీతలా కత్తిరించుకుంటే చాలామందికి సరిపోతుంది, లేదంటే అక్కడ సిలికాన్ గ్రీజు కొంచెం రాయండి. ఆడవాళ్లు నుదుటి దగ్గరా చెంపల దగ్గరా వెంట్రుకలు మాస్క్ కిందికి రాకుండా చూసుకోవాలి, ఒక్క పాయ చాలు నీళ్లు దారి చేసుకోవడానికి. ముఖానికి సన్‌స్క్రీనో నూనో దట్టంగా రాసుకుంటే అంచు జారుతుంది. మాస్క్ మీకు సరిపోతుందో లేదో కొనేటప్పుడే తెలుసుకోవచ్చు: పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగండి, చెయ్యి వదిలినా నిలబడితే సరిపోయినట్టే. కారుతోందని పట్టీ ఇంకా ఇంకా బిగించకండి, అంచు వంకరపోయి ఎక్కువ కారుతుంది.

అడుగున ఉన్న వాల్వ్ వల్ల లాభమా నష్టమా?

బాగున్నంతసేపు లాభం. నోటికన్నా కింద ఒక చిన్న గది, దాని అడుగున పలచటి సిలికాన్ బిళ్ల ఉంటుంది, ఊదితే తెరుచుకుని నీళ్లని బయటికి వదులుతుంది, పీలిస్తే మూసుకుంటుంది. నీళ్లని గొట్టం కొస దాకా పంపనక్కర్లేదు కాబట్టి తక్కువ ఊపు చాలు. పైగా గొట్టంలో బయటి నీటి మట్టానికి పైన ఉన్న నీళ్లు తమంతట తామే ఈ వాల్వ్‌లోంచి దిగిపోతాయి.

పాడైతే మాత్రం అదే అన్నిటికన్నా చెడ్డ చిల్లు, ఎందుకంటే అది ఎప్పుడూ నీళ్లలోనే ఉంటుంది. నేను మొదటిసారి అండమాన్ వెళ్లినప్పుడు అద్దెకి ఇచ్చిన స్నార్కెల్‌తో అరగంట అవస్థ పడ్డాను. ప్రతి పీల్పుకీ ఉప్పు నీళ్లు, ఊదితే పోవడం, మళ్లీ రావడం. ఇంకా గట్టిగా ఊదమన్నారు పక్కనున్నవాళ్లు, నాకు రావడం లేదనే అనుకున్నాను. ఒడ్డుకొచ్చి కూర్చుని దాన్ని తిరగేసి చూశాను. రూపాయి బిళ్లంత సిలికాన్ బిళ్ల, దాని అంచు కింద ఒకే ఒక్క ఇసుక రేణువు, ఆ ఒక్కచోట అంచు వెంట్రుక వాసి పైకి లేచి ఉంది. చూపుడు వేలి గోరుతో అంచు ఎత్తి, సీసాలో మంచినీళ్లు పోసి కడిగితే పోయింది. మళ్లీ దిగాను, గంటసేపు చుక్క రాలేదు.

అప్పటినుంచి దిగేముందు ఒక పరీక్ష చేయనిదే నీళ్లలో అడుగు పెట్టను. గొట్టం పై కొసని అరచేత్తో మూసి, మౌత్‌పీస్‌లోంచి గాలి లాగండి. ఏమీ రాకూడదు, గొట్టం నోటికి పీల్చుకున్నట్టు బిగిసిపోవాలి. గాలి సన్నగా వస్తోందంటే నీళ్లూ వస్తాయి. బిళ్ల కింద ఇసుకో వెంట్రుకో ఉంటే కడగండి, బిళ్ల ముడుచుకుపోయినా చిరిగినా ఇంకో స్నార్కెల్ అడగండి, మొహమాటపడకండి. డ్రై రకమైతే పైన మూత ఉన్నా ఇదే పరీక్ష పనిచేస్తుంది.

డ్రై స్నార్కెల్‌లో హఠాత్తుగా గాలి ఆగిపోయింది, చాలా భయమేసింది

పై మూత మూసుకుంది, అంతే. అల తగిలిందో, తల బాగా వాలిందో. పీలిస్తే ఏమీ రాదు, గొంతు దగ్గర పట్టేసినట్టుంటుంది. ఇంకా బలంగా లాగకండి. ముందుగా తల సరిచేసుకుని కొస గాల్లోకి తెచ్చుకోండి, కొంచెం ఊదండి, మూత వదులుతుంది. మూత మాటిమాటికీ పట్టేస్తుంటే లోపల ఇసుకో ఎండిన ఉప్పో ఉంది, మంచినీళ్లలో నానబెట్టి ఊపండి. దీన్ని కూడా పూల్‌లో ఒకసారి కావాలని ముంచి చూసుకోండి, ఆ పట్టేసిన భావన ముందే తెలిసి ఉంటే సముద్రంలో గుండె గుభేలుమనదు.

ముఖం మొత్తం కప్పే మాస్క్ కొంటే ఈ బాధే ఉండదు కదా?

పెదాల బాధ ఉండదు, ముక్కుతోనూ గాలి పీల్చుకోవచ్చు, అందుకే ఆట సామాన్ల కంపెనీ డెకాథ్లాన్ 2014లో తన ఈజీబ్రెత్ మాస్క్ తెచ్చాక ఇవి ఇంతలా జనంలోకి వెళ్లాయి. 2020లో కోవిడ్ తీవ్రంగా ఉన్నప్పుడు ఇటలీలో ఇవే మాస్కులకి త్రీడీ ప్రింటర్‌తో అదనపు భాగం చేసి ఆస్పత్రుల్లో రోగులకి ఆక్సిజన్ ఇవ్వడానికి వాడారు, నాకు ఆ సంగతి ఎప్పుడూ గుర్తొస్తుంది.

అయినా నేను కొత్తవాళ్లకి ఇవ్వను. లోపల నీళ్లు చేరితే నోటితో ఊదేసే వీల్లేదు, మాస్క్ మొత్తం తీయాలి, తలకి నాలుగువైపులా పట్టీలతో బిగిసి ఉన్నదాన్ని లోతు నీళ్లలో కంగారులో తీయడం తేలిక కాదు. ముక్కు నొక్కి చెవుల్లో ఒత్తిడి సర్దుకోలేం కాబట్టి లోతుకి దిగడానికీ పనికిరాదు. చవక నకళ్లలో వదిలిన గాలీ పీల్చే గాలీ కలిసిపోయి తల బరువెక్కే ప్రమాదం ఉంది. ఒడ్డు పక్కన, కాళ్లు అందే నీళ్లలో, మంచి తయారీదైతే సరే.

గొట్టం పొడవు పెంచితే అలలు తగలవు కదా?

వద్దు, పిల్లలు పీవీసీ పైపు అతికించినా వెంటనే తీసేయండి. మనం వదిలిన గాలి కొంత గొట్టంలోనే ఉండిపోయి మళ్లీ లోపలికి వస్తుంది, గొట్టం ఎంత పొడవైతే అంత ఎక్కువ చెడ్డ గాలి. పైగా లోతుకి వెళ్లేకొద్దీ నీళ్లు ఛాతీని నొక్కుతాయి, ఒక మీటరు లోతులోనే ఆ ఒత్తిడికి ఎదురుగా పైనుంచి గాలి లాక్కోవడం మన కండరాల వల్ల కాదు.

నీళ్లు రావడం లేదు, అయినా ఆయాసంగా ఉంది

రెండు రకాలు. మొదటిది, భయంతో చిన్న చిన్నగా గబగబా పీల్చడం. పెద్దవాళ్లు మామూలుగా పీల్చే అర లీటరులో 150 మిల్లీలీటర్ల దాకా మన గొంతులోనూ శ్వాసనాళాల్లోనూ ఉండిపోతుంది, ఊపిరితిత్తుల లోపలికి చేరదు. స్నార్కెల్ పెట్టుకుంటే దానికి ఇంకో 125 కలుస్తుంది. పైపైన పీలిస్తే చెడ్డ గాలే అటూ ఇటూ తిరుగుతుంది, ఆయాసం పెరుగుతుంది, ఇంకా గబగబా పీలుస్తారు. విరుగుడు: ఆగిపోయి, తేలుతూ, నిదానంగా లోతుగా పీల్చడం, పీల్చినదానికన్నా ఎక్కువసేపు వదలడం. ఊదడంలో కూడా ఇది తోడవుతుంది, లోపల ఎప్పుడూ కాస్త గాలి నిల్వ ఉంటుంది.

రెండోది ప్రమాదకరం. నీళ్లు ఏమీ మింగలేదు, పెద్దగా ఈదలేదు, అయినా ఊపిరి అందక కాళ్లూ చేతులూ నీరసించిపోతున్నాయంటే పట్టుదలకి పోవద్దు. వెంటనే గొట్టం తీసేసి, వెల్లకిలా తేలి, చెయ్యి ఊపి సాయం పిలవండి. ఇరుకు గొట్టంలోంచి బలవంతంగా గాలి లాగడం వల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చని హవాయిలో స్నార్కెల్ మరణాలను పరిశీలించినవాళ్లు చెప్పారు. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే వెళ్లండి. గొట్టం కొనేటప్పుడు కూడా పొడిగా ఉండగానే నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చి చూడండి, షాపులోనే కష్టంగా ఉంటే నీళ్లలో ఇంకా కష్టం.

నీళ్ల అడుగుకి మునిగి పైకొచ్చేటప్పుడు ఊదడం కుదరడం లేదు

మామూలు గొట్టంతో మునిగితే నిండుతుంది, నిండనివ్వండి. పైకి వచ్చేటప్పుడు ముఖం పైకెత్తి ఉపరితలాన్ని చూస్తూ రండి, అప్పుడు గొట్టం కొస నోటికన్నా కిందికి వాలి ఉంటుంది. పైకి చేరబోయే ముందు మెల్లగా కొంచెం గాలి వదలండి, అది గొట్టంలోకి పోయి నీళ్లని కొసవైపు నెట్టేస్తుంది. తల నీటి పైకి రాగానే ముఖం మామూలుగా కిందికి వంచండి, గొట్టం దాదాపు ఖాళీగా ఉంటుంది. వచ్చాక 'తూ' అనడంకన్నా ఇందులో శ్రమ చాలా తక్కువ. కుదరడానికి ఓ పాతికసార్లు పడుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. మునిగేముందు గబగబా పదిసార్లు పీల్చుకోవద్దు, ఊపిరి కావాలన్న హెచ్చరిక రాకుండానే నీళ్లలో స్పృహ తప్పుతుంది, బాగా ఈత వచ్చినవాళ్లు కూడా అలాగే పోయారు. ఊపిరి బిగబట్టి లోతుకి దిగడం నేర్చినవాళ్లు దిగేముందు గొట్టం నోట్లోంచి తీసేస్తారు, అదీ మంచి అలవాటే. చెవి నొప్పెడితే ముక్కు నొక్కి, అందులోకి మెల్లగా ఊది ఒత్తిడి సర్దుకోండి, తగ్గకపోతే ఇంకా దిగకండి.

పూల్‌లో ఈత ప్రాక్టీస్‌కి వాడే, ముఖానికి ముందువైపు ఉండే స్నార్కెల్ గురించి చెప్పరా?

నుదుటి మధ్యలోంచి నిలువుగా వెళ్లే రకం కదా. ఫ్రీస్టైల్‌లో ఊపిరికి తల తిప్పనక్కర్లేకుండా చేతుల మీద ధ్యాస పెట్టడానికి వాడతారు. ఇక్కడ నీళ్లు వచ్చేది ఎక్కువగా ముక్కులోకి, ఎందుకంటే గాగుల్స్ ముక్కుని మూయవు. మొదట్లో నోస్ క్లిప్ పెట్టుకోండి, అలవాటయ్యాక ముక్కుతో సన్నగా గాలి వదులుతుంటే సరిపోతుంది. చూపు నేరుగా పూల్ అడుగునున్న గీత మీద ఉండాలి. గోడ దగ్గర పల్టీ కొట్టి తిరిగితే గొట్టం తప్పకుండా నిండుతుంది, గోడని తన్నుకుని వచ్చి, కొస పైకి తేలాక ఒక్క ఊపు ఊది అప్పుడే పీల్చండి. మొదటి వారం పల్టీ మానేసి మామూలుగా గోడ ముట్టుకుని తిరగడమే నయం.

అలలు ఎక్కువగా ఉన్నప్పుడు?

దిగకండి. అండమాన్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త శాంతంగా ఉంటుంది, వానల్లో ఎగసిపడుతుంది. విశాఖలో ఆర్కే బీచ్ లాంటి చోట్ల లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి, అక్కడ ఎంత మంచి గొట్టం ఉన్నా స్నార్కెలింగ్ ఆలోచనే వద్దు. అండమాన్‌లో మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్న తీరాల్లోనూ వద్దు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే ఇప్పటి శ్రీ విజయపురంలో, మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, ఆ రోజు నీళ్లు ఎలా ఉన్నాయో పడవల దగ్గర అడిగితే తెలుగులోనే జవాబు దొరకవచ్చు. దిగాక చిన్న అలలు మొదలైతే పీల్చే ముందు ప్రతిసారీ ఆ టీ మొదటి గుక్క జాగ్రత్త పాటించండి, నాలుక 'ల' దగ్గరే ఉంచండి.

పొలమారితే ఏం చేయాలి?

గొట్టంలోంచే దగ్గవచ్చు, ఇది చాలామందికి తెలియదు. దగ్గు కూడా ఊదడమే, నీళ్లు దాంతో పోతాయి. ఆగకపోతే వెల్లకిలా తిరిగి గొట్టం తీసి, ముఖం ఆకాశం వైపు పెట్టి, దగ్గు తగ్గేదాకా తేలండి, రింగో పక్కవాళ్ల భుజమో పట్టుకోండి. మాస్క్ మాత్రం తీయకండి, ముక్కులోకి నీళ్లు పోయి కంగారు రెట్టింపు అవుతుంది. కింద పగడపు దిబ్బ ఉంటే దాని మీద నిలబడకండి, అది ప్రాణమున్నది, విరిగితే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది, మీ పాదాలూ కోసుకుపోతాయి. ఇలాంటప్పుడు పట్టుకోవడానికి ఒకరు కావాలి కాబట్టే ఒంటరిగా దిగవద్దంటాను. పక్కన మనిషి ఉంటే చాలు.

ఈదొచ్చాక ఎలా కడగాలి?

మంచినీళ్ల బకెట్‌లో పది నిమిషాలు ముంచి, వాల్వ్ అంచు వేలితో ఎత్తి కడిగి, పై మూతని రెండుసార్లు ఆడించి, నీడలో ఆరేయండి. ఎండలో కారు డాష్‌బోర్డ్ మీద పెడితే గొట్టం వంగి పాడవవచ్చు. అద్దెదైతే మౌత్‌పీస్ వాడేముందు కూడా మంచినీళ్లతో కడుక్కోండి, బొడిపెలు కొరికేసి ఉంటే మార్చమనండి. గొట్టాన్ని మడత పెట్టి సూట్‌కేస్‌లో కుక్కకండి, వాల్వ్ బిళ్ల ముడత పడితే వచ్చేసారి అక్కడినుంచే కారుతుంది.